జాగ్రత్త మేస్త్రి కట్టిన తీగ

మా బావకు బల్లి అంటే భయం, సూది అంటే భయం, పట్టుకోవడానికి పక్కన ఏమీ లేని మెట్లంటే భయం. మేడ మీద ట్యాంకు నిండి నీళ్లు పొర్లుతున్న చప్పుడు విన్నా ఏదో కూలుతోందని లేచి కూర్చుంటాడు. మా అక్కను చేసుకున్న కొత్తలో, వంటింట్లో గ్యాస్ బండ ఉండటం ప్రమాదమని దాన్ని వరండాలోకి మోసుకెళ్లాడు. పైపు చాలక మళ్లీ లోపలికి మోసుకొచ్చాడు. ఆ రెండు రోజులూ పొయ్యి వెలగలేదు గానీ మా అక్క నోరు ఆగలేదు.

ఇలాంటి మనిషి పొట్టకూటికి ఎంచుకున్నది బండ్ల ఏసీలు బాగుచేసే పని. తాకితే కాలే గొట్టాలు, విప్పితే బుస్సుమనే గ్యాసు, ఎప్పుడు తిరుగుతుందో తెలియని ఫ్యాను. ప్రతి మాట చివరా ‘జాగ్రత్త’ అంటాడు. తాళాలు చేతికిస్తే జాగ్రత్త, టీ గ్లాసు అందిస్తే జాగ్రత్త, ఎదుటివాడు తుమ్మినా జాగ్రత్తే. అందుకే వీధి మొత్తం ఆయన్ని జాగ్రత్త మేస్త్రి అంటుంది. అసలు పేరు అడిగితే పక్క షెడ్డు వాళ్లకు కూడా చటుక్కున గుర్తు రాదు. ఆ పక్క షెడ్డు వాణ్ణి నేనే. నాది సైలెన్సర్ల పని. ఆయన షెడ్డుకూ నా షెడ్డుకూ మధ్య ఉన్నది ఒక్క రేకు. నన్ను ఈ వీధికి తీసుకొచ్చింది, మొదటి వెల్డింగ్ మిషన్ కొనిపెట్టింది కూడా ఆయనే. ఈ మాట నేను నలుగురిలో పెద్దగా చెప్పను.

పిరికివాడంటే పనికిరానివాడని కాదు. గాలి సంగతిలో మా బావను మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు. ‘ఏసీ పనిచేయట్లేదు’ అని ఎవరైనా వస్తే ముందు ఒకటే ప్రశ్న వేస్తాడు: “గాలి వచ్చి చల్లగా లేదా? అసలు గాలే రావట్లేదా?” చాలామందికి ఆ తేడా తెలియదు. చల్లదనం లేకపోతే గ్యాసు చూడాలట. గాలే రాకపోతే దారి చూడాలట. సన్నగా చించిన కాగితం ముక్కను గాలి వచ్చే ఒక్కో జాలీ ముందూ పట్టుకుంటాడు. అది ఎంత ఎగిరిందో, ఎటు వంగిందో చూస్తాడు. ఆ తర్వాత కళ్లు మూసుకుని చెంప ఆనించి అక్కడే ఉంటాడు. చూసేవాళ్లకు నవ్వొస్తుంది. ఆయన మాత్రం ‘ఎడమ పక్కది కుడి పక్కదానికంటే బద్ధకంగా వస్తోంది’ అంటాడు. విప్పి చూస్తే అంతే ఉంటుంది.

ఒక్క తీగ సంగతి చెప్పాలి. ఈ కథంతా దానివల్లే.

ఏసీ ఫ్యాను గాలిని రెండు చోట్ల నుంచి పీల్చుకోగలదు: బండి బయట నుంచి, లేదా బండి లోపల నుంచి. మధ్యలో ఒక ఫ్లాపు ఉంటుంది, చిన్న తలుపులాంటిది. అది అటు తిరిగితే బయటి గాలి, ఇటు తిరిగితే లోపలి గాలి. ఎండ మండిపోయే రోజుల్లో బయటి గాలి పొయ్యి మీది ఆవిరిలా వస్తుంది కాబట్టి బండి చల్లబడదు. అందుకని మా వీధి ఏసీ మేస్త్రీలంతా ఒక పని చేస్తారు. ఫ్లాపు తిప్పే చిన్న మోటారు చెడిపోతే కొత్తది తెప్పించే దాకా ఆగరు. ఫ్లాపును లోపలి గాలి వైపుకు లాగి ఇనుప తీగతో కట్టేస్తారు. లోపల చల్లబడిన గాలే మళ్లీ మళ్లీ తిరిగి పది నిమిషాల్లో బండి మంచుగడ్డవుతుంది. వచ్చినవాడు ‘అబ్బ, మేస్త్రీ’ అంటాడు. ఆ ‘అబ్బ’ కోసం మా బావ కూడా తీగ కట్టేవాడు. బల్లికి భయపడే మనిషి, దానికి మాత్రం భయపడలేదు.

ఇక మా గొడవ. ఇదంతా జరిగిన రోజుకు ఓ పద్దెనిమిది రోజుల ముందు నా వెల్డింగ్ నిప్పురవ్వ రేకు సందులోంచి వెళ్లి ఆయన కడిగి ఆరబెట్టుకున్న ఫిల్టరు మీద పడింది. రూపాయి బిళ్లంత కన్నం పడింది. ఆయన ముగ్గురు డ్రైవర్ల ముందు “వీడికి కళ్లు కూడా సైలెన్సర్‌లోనే పెట్టి పుట్టించారు” అన్నాడు. వాళ్లు పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండింది. “నీలాంటి పిరికివాడి పక్కన ఉంటే నిప్పు కూడా భయపడి పారిపోతుంది, అందుకే అటొచ్చింది” అన్నాను. అంతే, మాటలు బంద్. పక్కపక్కనే కూర్చుని, ఏదైనా కావాలంటే అక్కకు ఫోన్ చేసి చెప్పుకునేవాళ్లం. ‘మీ తమ్ముడికి చెప్పు, నా పన్నెండో నంబరు స్పానర్ ఇవ్వమను’ అని ఆయన, ‘మీ ఆయనకు చెప్పు, అది ఆయన జేబులోనే ఉంది’ అని నేను. ఇంట్లో కుట్టు మిషన్ తొక్కుకుంటూ మధ్యలో అక్క ఇద్దరినీ కలిపి తిట్టేది.

ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి గుడ్లాయన బండి వచ్చింది. ఫారాల దగ్గర గుడ్లు ఎత్తి పెద్ద ఊరి దుకాణాలకు వేసే పికప్ డ్రైవరు ఆయన. బండి ఒకప్పుడు తెల్లది. అది వీధి మలుపులో ఉండగానే నాకు తెలిసిపోయింది. ఇంజన్ తిరిగే లయలోనే టిక్కు టిక్కుమని సన్నటి చప్పుడు. ఇంజన్‌నూ పొగగొట్టాన్నీ కలిపే చోట ప్యాకింగ్ కాలిపోతే వచ్చే చప్పుడది. మూడు వారాల కిందటే ఆ బండిని నేను చూశాను. ప్యాకింగ్ పోవడమే కాదు, ఇంజన్ గదికీ మనుషులు కూర్చునే చోటుకూ మధ్య గోడలో వైర్లు దూరే కన్నానికి ఉండాల్సిన రబ్బరు కూడా ఎండి రాలిపోయింది. ఒక రోజు బండి వదిలి వెళ్లమన్నాను. రోజంతా బండి ఆపే తీరిక లేదన్నాడు.

“అయితే అప్పటిదాకా కిటికీలు దించే తోలు. పొగ లోపలికొస్తోంది” అన్నాను.

“ఏసీలో గాలే రావట్లేదు. దించక ఛస్తానా?” అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ బండి ఇప్పుడు నా షెడ్డు దాటి బావ షెడ్డులో ఆగింది. టిక్కు టిక్కు. లేచి వెళ్లి ఒక్క మాట చెబితే సరిపోయేది. లేవలేదు. ‘అన్నీ తెలిసిన జాగ్రత్త మేస్త్రి గారు కదా, నన్ను అడిగితే కదా చెప్పడానికి’ అనుకుని నల్లద్దాలు కళ్ల మీదికి దించుకున్నాను. పది గంటలకు వెల్డింగ్ రాడ్లు, గొట్టాలు కొనడానికి బయటికి వెళ్లిపోయాను.

నేను లేనప్పుడు జరిగింది తర్వాత బావ చెబితేనే తెలిసింది. గుడ్లాయన ఫిర్యాదు ఏమిటంటే, ఫ్యాను ఒకటి, రెండు, మూడు నంబర్లలో తిరగదు. నాలుగులో పెడితే హోరు తప్ప గాలి లేదు. బావ కాగితం ముక్క పట్టాడు. అది కదలనే లేదు. నాలుగో నంబరొక్కటే తిరుగుతోందంటే వేగం తగ్గించే రెసిస్టరు కాలిపోయిందని అర్థం. అది మార్చాడు. పక్క సీటు ఎదుట ఉండే సామాన్ల అర తీసి ఫిల్టరు బయటికి లాగితే అది ఫిల్టరులా లేదు, దిండులా ఉంది. కోడి ఈకలు, దుమ్ము, దాణా పొడి కలిసి వేలెడు మందాన గడ్డకట్టాయి. ఫ్యాను రెక్కల్లోనూ ఈకలే. చల్లబరిచే కాయిల్ మీద కూడా మెత్తని పొర. ఒక్కొక్క ఈకా ఏరి, బ్రష్షుతో గీకి, గాలి కొట్టి, కడిగాడు. చివరికి ఫ్లాపు మోటారు చచ్చిపోయిందని తేలింది. అలవాటుగా తీగ కట్టాడు.

తర్వాత అద్దాలన్నీ ఎక్కించి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, ఒక్కడే లోపల కూర్చుని అరగంట సేపు గాలి చూసుకున్నాడు. ఒకటో నంబరుకే కాగితం ఎగిరి చేతిలోంచి జారిపోయిందట. అంత బాగా కుదిరింది.

అప్పుడే అక్క బడి పిల్లల యూనిఫారాల మూట పట్టుకుని బస్సు కోసం అటుగా వచ్చింది. పెద్ద ఊళ్లో బట్టల దుకాణానికి ఇవ్వాలి. బావ ఆమెను ఆపి, “బస్సులో ఉడికిపోవడం ఎందుకు? గుడ్లాయన అటే వెళ్తున్నాడు. మన చేతి ఏసీ ఎలా ఉందో కూర్చుని చూడు. అద్దాలు మాత్రం దించకండి, చల్లదనం పోతుంది” అని చెప్పి, మూట తనే ఎక్కించి, తలుపు తనే వేశాడట. జాగ్రత్త అని కూడా చెప్పాడట.

నేను తిరిగొచ్చేసరికి పన్నెండున్నర దాటింది. బావ స్టూలు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. మాటలు లేకపోయినా మంచి పని చేశాక ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే ఆయనకు అన్నం సయించదు. అందుకని రేకుతో మాట్లాడాడు.

“గుడ్లాయన బండి ఎలా కుదిరిందో ఉండి చూసుంటే కొందరికి తెలిసేది. ఇంతింత ఈకలు! ఇప్పుడు అద్దాలెక్కించి దొరలా తోలుకుంటూ పోయాడు.”

నా చేతిలో గొట్టాల కట్ట ఉంది. దాన్ని దించడం మరిచిపోయాను. అద్దాలెక్కించి అన్న మాట చెవిలో పడగానే లోపలెక్కడో చల్లబడింది.

“తల పట్టుకున్నావేం?” అని అడిగాను. పద్దెనిమిది రోజుల తర్వాత ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అదే.

“దిమ్ముగా ఉంది. వాంతి వచ్చేలా కూడా ఉంది. టీ పడలేదు కదా.”

“బండిలో ఎంతసేపు కూర్చున్నావు?”

“అరగంట. ఏం?”

“ఫ్లాపు కట్టావా?”

“కట్టాను. ఏమైందిరా? ఎందుకలా చూస్తున్నావు?”

చెప్పాను. ప్యాకింగ్ సంగతి, కన్నం సంగతి, కిటికీలు దించి తోలమని నేను చెప్పిన సంగతి. చెబుతుంటే నాకే అర్థమైపోతోంది. ఏసీ చెడిపోయి ఉండటం వల్లే ఇన్నాళ్లూ ఆ మనిషి బతికాడు. లోపలి గాలి పీల్చే నోరు పక్క సీట్లో కూర్చున్నవాళ్ల కాళ్ల దగ్గర ఉంటుంది, ఆ కన్నం దాని పక్కనే. ఇన్నాళ్లూ ఈకలు అడ్డుపడి ఫ్యాను పీల్చలేకపోయింది. ఇవాళ బావ దారంతా శుభ్రం చేశాడు. ఇప్పుడది పొగను జుర్రుకుంటుంది. బయటి గాలి రాకుండా తీగ ఉండనే ఉంది. ఆ పొగకు రంగు ఉండదు, వాసన తెలియదు. నిద్రలా వస్తుంది.

బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు. స్టూలు మీంచి లేచాడు.

“మీ అక్క అందులో ఉందిరా.”

పైప్రాణాలు పైనే పోవడమంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది. గొట్టాలు కాళ్ల మీద పడ్డాయి. నొప్పి సాయంత్రానికి గానీ తెలియలేదు.

బావ ఫోన్ తీశాడు. తొందరలో రెండుసార్లు వేరెవరికో పోయింది. గుడ్లాయన ఎత్తలేదు. అక్కకు చేశాడు. ఎత్తింది.

“ఎక్కడున్నారు?”

“గేటు... రైలు గేటు పడింది.” మాట ఈడ్చుకుంటూ వస్తోంది. మా అక్క మాట్లాడితే టపాకాయలు పేలినట్టుంటుంది. ఇది ఆమె గొంతు కాదనిపించింది.

“తలుపు తీసుకుని దిగు! ఇద్దరూ దిగండి! ఇంజన్ ఆపమను!”

“ఎందుకయ్యా... బయట ఎండ. ఆయన పడుకున్నాడు. నాకూ తలనొప్పిగా...”

“దిగవే! నా మాట విను! తలుపు తియ్యి!”

“చల్లగా ఉంది” అంది అక్క. తర్వాత ఏమీ అనలేదు. ఫోన్ కట్ కాలేదు. దేని మీదో పడ్డ చప్పుడైంది. ఆ తర్వాత ఒకటే హోరు, తెంపు లేకుండా, సాఫీగా. ఆ హోరేమిటో ఇద్దరికీ తెలుసు. బావ బాగుచేసిన గాలి అది.

నా మోటారు సైకిల్ ఎక్కాం. నేను తోలుతున్నాను. ఆయన వెనక కూర్చుని ఒక చేత్తో నా చొక్కా, ఇంకో చేత్తో ఫోన్ చెవికి అదిమి పట్టుకున్నాడు. నలభై దాటితే నా వీపు మీద గుద్దే మనిషి ఆ రోజు “ఇంకా పోనివ్వు, ఇంకా, ఇంకా” అంటూనే ఉన్నాడు. గేటు పన్నెండు కిలోమీటర్లు. దారిలో ఒక లారీ అడ్డం తిరుగుతుంటే దాని ముందు నుంచి దూరాను. వాడు తిట్టిన తిట్టు సగమే వినిపించింది. బతికించు, బతికించు అని ఎవరికి చెబుతున్నానో తెలియకుండానే లోపల గొణుగుతున్నాను.

“వినిపిస్తోందా బావా?”

“గాలే వినిపిస్తోంది” అన్నాడు. కాసేపాగి నా చెవి దగ్గర అరిచాడు. “ఒరేయ్, పొద్దున ఆ బండి వచ్చినప్పుడు నువ్వు షెడ్డులో ఉన్నావా?”

“లేను” అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. అక్క చచ్చిపోతుందేమో అన్న భయంలో కూడా, నా తప్పు బయటపడుతుందేమో అన్న ఇంకో భయానికి చోటు దొరికింది. మనిషి బుద్ధి అంత నీచంగా ఉంటుందని నాకు తెలియదు.

మేం చేరేసరికి గేటు ఎత్తేశారు. బండ్లన్నీ వెళ్తున్నాయి. ఒక్క పికప్ మాత్రం దారి మధ్యలో నిలబడి ఉంది. వెనకవాళ్లు హారన్లు కొట్టి, బూతులు తిట్టి, పక్క నుంచి తిప్పుకుని పోతున్నారు. అద్దాలకు నల్ల కాగితం అంటించి ఉండటంతో లోపల ఏముందో ఎవరికీ కనబడలేదు. గేటు పడ్డప్పుడు మిగతావాళ్లంతా ఇంజన్లు ఆపి నీడకు పోయారట. వీళ్లు మాత్రం చల్లదనం పోతుందని ఆపలేదు. ఆగిన బండి కింద పొగ కదలకుండా నిలిచి ఉంటుంది.

టిక్కు టిక్కు.

బైకు ఆగకముందే బావ దూకి పడ్డాడు. తలుపు లాగితే రాలేదు, లోపల గడియ పడి ఉంది. అక్క తల అద్దానికి ఆని ఉంది. నల్ల కాగితం వెనక ఆమె చెంప మాత్రం చదునుగా కనిపిస్తోంది. అద్దం పగలగొడితే ఆమె ముఖం మీదే పడుతుంది. బావ డ్రైవరు వైపు పరుగెత్తి, జేబులోంచి పన్నెండో నంబరు స్పానర్ తీసి అద్దం మీద కొట్టాడు. రెండో దెబ్బకు పగిలింది. ఆ సందులోంచి చెయ్యి పెట్టి గడియ తీసి, గుడ్లాయనను నా మీదికి తోసి, ఆయన సీటు మీదుగా పాక్కుంటూ అక్క దగ్గరికి వెళ్లాడు. మోచేతి నుంచి నెత్తురు కారుతోంది. సూదికి భయపడే మనిషి దాన్ని చూసుకోనైనా లేదు. ముందు తాళం తిప్పి ఇంజన్ ఆపాడు. అటువైపు తలుపు తెరిచి, అక్కను రెండు చేతులతో ఎత్తుకుని, పట్టాల పక్క కంకర మీద పడుకోబెట్టాడు.

ఆమె ముఖం ఎర్రగా, ఆరోగ్యంగా ఉంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది, ఆ పొగ పట్టినవాళ్లు అలాగే ఎర్రబడతారని విన్నాను. నిద్రపోతున్నట్టే ఉంది, పిలిస్తే పలకదు. బావ ఆమె ముక్కు దగ్గర చెంప ఆనించాడు, జాలీ దగ్గర ఆనించినట్టే. కళ్లు మూసుకున్నాడు.

“వస్తోంది. సన్నగా వస్తోంది” అన్నాడు. అని భోరుమన్నాడు.

గేటుమ్యాన్ చెబితే అటుగా పోతున్న వ్యాను ఒకటి ఆగింది. ఇద్దరినీ దాంట్లో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఆక్సిజన్ పెట్టారు. డాక్టరమ్మ ఊపిరికి పర్వాలేదంది. “కానీ తెలివొచ్చాక మనుషుల్ని గుర్తుపడతారా, మాట సరిగ్గా వస్తుందా అన్నది ఇప్పుడే చెప్పలేం” అని ఇంకో మాట అంది. ఆ మాట పట్టుకుని మేం ఆ మధ్యాహ్నమంతా వరండాలో కూర్చున్నాం. బావ చేతికి కుట్లు వేస్తుంటే సూది వైపు చూడలేదు, వార్డు తలుపు వైపే చూశాడు. నేను నేల వైపు చూశాను.

పొద్దు వాలుతుండగా గుడ్లాయన ముందు లేచాడు. ఆ తర్వాత గంటకు అక్క కళ్లు తెరిచింది. బావ మంచం పక్కన నిలబడి “నేనెవర్ని?” అని అడిగాడు. అక్క చాలాసేపు చూసింది.

“యూనిఫారాల మూట ఎక్కడ?” అంది.

బావ గోడకు చేరబడి అలాగే కిందికి జారి కూర్చుండిపోయాడు.

ఆ తర్వాత ఆయన పనిలో చాలా మారాయి. తీగ కట్టమని ఇప్పటికీ అడుగుతారు, కట్టడు. పక్క వీధి మేస్త్రి కడతాడు కాబట్టి కొందరు అటు పోయారు. బండి రాగానే అందరి కంటే ముందు దాని కింద పడుకుని గొట్టం అతుకులు చూస్తాడు. ‘నీకెందుకయ్యా, నీది ఏసీ పని’ అని నవ్వినా పట్టించుకోడు. ఇవన్నీ తర్వాతి మాటలు. చెప్పాల్సింది మర్నాటి పొద్దుటి సంగతి.

గుడ్లాయన పక్క మంచం మీద లేచి కూర్చున్నాడు. బావను చూడగానే రెండు చేతులూ జోడించాడు. “మేస్త్రీ, ప్రాణం పోశావు. అంత దూరం పరుగెత్తుకొచ్చి అద్దం పగలగొట్టావట. నీ రుణం ఎలా తీర్చుకోను?” అన్నాడు. అటూ ఇటూ మంచాల వాళ్లు కూడా బావను మెచ్చుకోలుగా చూశారు. బావ వణికిపోయాడు. బల్లి మీద పడినా అంత వణకడు.

“దండాలు పెట్టకు. చేసింది నేనే” అన్నాడు. తీగ సంగతి చెప్పాడు. అరగంట లోపల కూర్చుని తల తిరిగినా, ఎందుకు తిరిగిందని ఆలోచించలేదని చెప్పాడు. అద్దాలు దించొద్దన్నది కూడా తనేనని, ఏదీ దాచకుండా చెప్పాడు. అక్క వింటోంది. ముక్కుకూ నోటికీ మాస్కు ఉంది, కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

“ఇందులో వీడి తప్పేమీ లేదు” అని నన్ను చూపించాడు చివరికి. “వీడు మూడు వారాల ముందే చెప్పాడట నీకు. ఆ పూట వీడు షెడ్డులో ఉండుంటే నాకూ చెప్పేవాడే. నా ఖర్మ, ఆ టైముకు లేడు.”

నన్ను తిట్టినా పడేవాణ్ణి. వెనకేసుకొస్తుంటే నిలబడలేకపోయాను.

“ఉన్నాను బావా” అన్నాను.

బావ నా వైపు తిరిగాడు.

“బండి మలుపు తిరుగుతున్నప్పుడే చప్పుడు విన్నాను. నీ మీద కోపంతో చెప్పలేదు.”

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. బావ నా వైపు నడిచొచ్చి, కట్టుకట్టిన చెయ్యి ఎత్తి, ఏం చెయ్యాలో తెలియనట్టు దించేశాడు.

“నేనూ విన్నానురా” అన్నాడు, వినీ వినబడకుండా. “లోపల కూర్చున్నంతసేపూ వింటూనే ఉన్నాను. అది నీ పని కదా అని ఊరుకున్నాను. నిన్ను పిలిచి అడగాల్సొస్తుందని ఊరుకున్నాను.”

అక్క మాస్కు పక్కకు లాగింది. మమ్మల్ని ఒకరి తర్వాత ఒకరిని చూసింది. తిడుతుందని ఎదురుచూశాం. ఆమె గొంతు ఇంకా పూర్తిగా రాలేదు.

“ఇద్దరూ నా కళ్ల ముందు నుంచి పోండి” అంది.

వెళ్లలేదు. ఆమెను ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలాలంటే మా ఇద్దరికీ భయమేసింది.